మడతకి అటూ ఇటూ

ఫ్లారెన్స్, 1487 ఏప్రిల్ 2

యేసు నామంలో, అక్క దియనోరాకు,

మఠంలో నీకు వేరే పేరు పెట్టారని తెలుసు. ఇరవై ఏళ్ళయినా ఆ పేరు నా కలానికి అలవాటు కాలేదు. క్షేమ సమాచారాలు అడిగే అలవాటు మన మధ్య ఎప్పుడో పోయింది కాబట్టి నేరుగా పనిలోకి వస్తాను.

మన వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒక రాతపుస్తకం ఉంటుంది కదా. నాలుగు ప్రార్థనలు, ఒక సాధువు కథ, శుక్రవారం పాటలు, వాటి పక్కనే సభలో ఎవరో పెద్దమనిషి మాట్లాడిన మాటలు, కొడుకులకు బుద్ధులు. పెళ్ళాం పొద్దున్నే తెరుస్తుంది, మొగుడు సభకి బయల్దేరే ముందు తెరుస్తాడు. అలాంటి పుస్తకమే అచ్చులో, లాటిన్‌లో కాకుండా మన ఇంటి భాషలో కావాలని ఉన్ని వర్తకులు నా ప్రాణం తోడేస్తున్నారు. నా దుకాణంలో కాగితం ఉంది, కుట్టేవాళ్ళున్నారు. అచ్చుయంత్రం లేదు. మీ మఠంలో అది ఉంది, సీసపు అక్షరాలు కూర్చడానికి నీ వేళ్ళూ ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు నాన్న న్యాయప్రసంగం రావాలి. జూన్‌లో యోహాను పండగ ముందు తొలి కాపీని నగర పెద్దలకి నేనే స్వయంగా ఇస్తాను. ఈ వేసవిలో పదవులకి చీటీలు తీస్తారు, వాటిలో నా పేరు వెయ్యాలా వద్దా తేల్చేది వాళ్ళే. ఆ సమయానికి నాన్న పేరు వాళ్ళ చెవుల్లో మోగుతూ ఉండాలి. మీ మఠాధిపతి అమ్మగారిని ఈసారైనా సిరా పల్చగా కలపనివ్వకు, కిందటిసారి పుస్తకం చదివినవాళ్ళ ముక్కులు నల్లబడ్డాయి.

వియేరీ గురించి నువ్వు క్రిస్మస్‌కి రాసిన ఉత్తరం అందింది. దానికి జవాబు లేదు. ఉప్పు చేపల పీపా ఒకటి బండివాడితో పంపుతున్నాను.

నీ తమ్ముడు,
లాపో


ప్రాతో దారిలోని మఠం, ఏప్రిల్ 9

తమ్ముడు లాపోకి, ఇంకా బతికే ఉన్న అక్క రాసేది,

మా మఠం అమ్మగారి సిరా గురించి నీ అభిప్రాయం ఆవిడకి చదివి వినిపించాను. "ముక్కు పేజీకి ఆనించి చదివేవాళ్ళు ముందు కళ్ళద్దాలు కొనుక్కోవాలమ్మా" అంది.

పుస్తకం వేస్తాం. కానీ జవాబు లేదని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? నీకు గుర్తు లేకపోతే గుర్తు చేస్తాను. పద్దెనిమిదేళ్ళ కింద కార్నివాల్‌లో మన చిన్నవాడు వియేరీ తాగేసి నగర జెండాని లాగి బురదలో తొక్కాడు. తప్పే. ఎవరు కాదన్నారు? ఆ నెలే నాన్న నగర పెద్దల్లో ఒకడయ్యాడు. పదవి ఎక్కిన రోజున న్యాయం గురించి ప్రసంగం చేస్తే సభంతా కళ్ళు తుడుచుకుందట. ఆ వారంలోనే వియేరీ తగువు విచారణకొచ్చింది. పెద్దలు తలా ఒక చిక్కుడు గింజ వెయ్యాలి, నల్లది వేస్తే బహిష్కార శిక్షకి సరే అన్నట్టు. గింజ గుప్పిట్లో దాచి వెయ్యడం ఆచారం. నాన్న మాత్రం నల్లగింజని రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, పైకెత్తి అందరికీ చూపించి మరీ వేశాడు. పందొమ్మిదేళ్ళ పిల్లాడు తెల్లారేసరికి పొలిమేర దాటాడు. ఊరు నాన్నని నెత్తిన పెట్టుకుంది. అమ్మ ఆయనతో ఒక వేసవంతా మాట్లాడలేదు.

ఇప్పుడు వాడు లూకా ఊరి అవతల సున్నం బట్టీలో పని చేస్తున్నాడు. సున్నం కళ్ళలో పడి చూపు పోతోంది. యోహాను పండగనాడు పెద్దలు కొందరిని క్షమించి, చేతికి కొవ్వొత్తి ఇచ్చి బలిపీఠం దాకా నడిపిస్తారు. దానికి రక్తసంబంధం ఉన్న మగవాడు నోరు తెరిచి అడగాలి. నేను అడిగితే చెల్లదు. నాన్న లేడు, మిగిలింది నువ్వే.

నీకు అడగడానికి నామోషీ అయితే చనిపోయిన అమ్మే అడుగుతుంది. వాడు ఊరు విడిచిన ఏడాది ఆవిడ కట్టిన పాటని ఆ పుస్తకంలో వెయ్యి. పెద్దలే చదువుకుంటారు.

దియనోరా


ఫ్లారెన్స్, ఏప్రిల్ 20

అక్కకు,

వెయ్యను.

కారణాలు రాయాల్సిన పని లేదు గానీ రాస్తాను, లేకపోతే నువ్వు సొంతంగా కల్పించుకుంటావు. నాన్న ప్రసంగం ఒకవైపు, ఆయన తీర్పుకి ఏడ్చే పాట ఇంకోవైపు పెడితే ఊరు నవ్వదా? "ఇంట్లో పెళ్ళాన్నే ఒప్పించలేనివాడు నగరానికి నీతులు చెప్పాడు" అనరా? అడుసు తొక్కనేల, కాలు కడుగనేల! తొక్కినవాడు కడుక్కోవాలి, నేను కాదు.

చూపు పోయిందంటున్నావు. చర్చి మెట్ల మీద కూర్చునే బిచ్చగాళ్ళందరికీ పగలు చూపు పోతుంది, సాయంత్రం సారాకొట్టు దగ్గర తిరిగి వస్తుంది. వాడు నీకు కబురు చేసిందీ నువ్వు నమ్మిందీ బాగానే ఉంది, నన్ను నమ్మమనకు.

ఇక ఆ పాట సంగతి. నువ్వు మఠంలో ఉన్నావు, నీకేం తెలుసు? ప్రతి శుక్రవారం చాకిరేవు దగ్గర అమ్మ ఎత్తుకోవడం, వీధిలో ఆడవాళ్ళంతా కలిసి అందుకోవడం. పేరుకి మరియమ్మ తన కొడుకుని వెతుక్కునే పాట. ఎవరి కొడుకో అందరికీ తెలుసు. అది వింటూ బతికింది నేను. ఇంట్లో ఉన్న కొడుకుని నేను. రొట్టె తెచ్చిందీ, ఆవిడ కాళ్ళు వాస్తే కట్టు కట్టిందీ, చివరి రోజుల్లో మంచం పక్కన కూర్చుందీ నేనే. ఆవిడ పాట మాత్రం వెళ్ళిపోయినవాడి గురించి. నా మీద ఆవిడ ఒక్క పాదం కట్టిందా? ఒక్క పాదం?

పుస్తకం నేను చెప్పిన వరసలో వెయ్యి.

లాపో


మఠం, మే 6

లాపోకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి కోపంతో, ఒకసారి జాలితో, మళ్ళీ కోపంతో.

ఉప్పు చేపలు తిరిగి పంపుతున్నాను. నోరు మూయించడానికి చేపలు పంపే తమ్ముడు నాకు అక్కర్లేదు. (మా పనిపిల్లలకి పెట్టమని మఠం అమ్మగారు అడిగారు గానీ నేను ఒప్పుకోలేదు. దానికి ఆవిడ నాతో ముభావంగా ఉంది, అదీ నీ పుణ్యమే.)

పుస్తకం నువ్వు అడిగినట్టే వస్తుంది. నాన్న అందరికన్నా ముందుంటాడు. ఆయన ప్రసంగం సరిగ్గా ఒక ఆకు, రెండు పుటల్లో సర్దుకుంది. ఒక్క మాట కూడా తియ్యలేదు. ఆ నల్లగింజలాగే స్పష్టంగా ఉంటుంది.

దియనోరా


ఫ్లారెన్స్, జూన్ 9

అక్కకు,

చేపలు లంచం కాదు. ఈస్టర్ ముందు ఉపవాసాలకి తెప్పించిన దాంట్లో మిగిలిన సరుకు, పారెయ్యలేక పంపాను. ఎండలో ఊరేగి తిరిగొచ్చేసరికి నా దుకాణంలో పిల్లులు తప్ప మనుషులు నిలబడలేకపోయారు. సరే, అది వదిలెయ్.

ఇవాళ నువ్వు అచ్చేసిన కాగితం తావుల పీపా వచ్చింది. మా ఆవిడ తెస్సా పక్కన ఉండగానే మూత తీశాను. మొదటి కట్ట పైతావు విప్పాను. ఎడమ సగంలో నాన్న. ఎంత బాగున్నాడు! గుండె నిండిపోయింది. కుడి సగం చూశాను.

దొంగదానా! మఠంలో చేరి నేర్చుకున్నది ఇదా? "నువ్వు అడిగినట్టే వస్తుంది" అని రాస్తే, ఎంతైనా అక్క కదా, దారికొచ్చిందని మురిసిపోయాను. ఒకే తావు మీద నాన్న ప్రసంగం, మడతకి రెండో వైపు అమ్మ పాట! మడిచి, మధ్యలో మిగతా తావులు పెట్టి కుడితే నాన్న కట్టకి మొదటి ఆకు, అమ్మ చివరి ఆకు. ఆ తావు తీసేద్దామంటే ఆయన కూడా పోతాడు. మళ్ళీ అచ్చు వేయించడానికి పండగలోపు వ్యవధి లేదు. ఇవన్నీ లెక్క చూసుకునే పంపావు.

తెస్సా ఆ పాట చదివి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నా ఇంట్లోనే నాకు శత్రువుని తయారుచేశావు.

ఫరవాలేదు. కుట్టించడం వరకే నీ తెలివి. ఆ తర్వాత కత్తి నా చేతిలో ఉంటుంది. పెద్దలకిచ్చే కాపీలో ఆ చివరి ఆకు కోసేస్తాను. మిగతావాటి సంగతి తర్వాత.

లాపో


మఠం, జూన్ 11

లాపోకి,

కొయ్యి. అమ్మని కొయ్యడం నీకు కొత్తా?

కాకపోతే ఎక్కడ కోస్తావో చూసుకో.

దియనోరా


ఫ్లారెన్స్, జూన్ 17

నన్ను శపించిన అక్కకు,

నీ శాపం ఫలించింది. సంతోషంగా కూర్చుని చదువుకో.

"చూసుకో" అని నువ్వు రాసిన మాటకి నాకు ఒళ్ళు మండింది. మఠంలో కూర్చుని నన్ను బెదిరిస్తావా అనుకున్నాను. ఆ కోపంలోనే, కుట్టిన పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నా చేత్తోనే కోశాను. మామూలుగా అయితే ఆకు కోసేటప్పుడు వేలెడంత అంచు వదలాలి. ఆ అంచే దారాన్ని పట్టుకుంటుంది, అవతలి ఆకుని నిలబెడుతుంది. నా దుకాణంలో జిగురు కాచేవాడికి కూడా తెలిసిన సంగతి. కానీ నగర పెద్దల చేతికిచ్చే పుస్తకంలో కోసిన అంచు కనపడితే ఏం బాగుంటుంది? మడత దాకా నున్నగా కోశాను. నీలం తోలు అట్ట, బంగారు గీత, ఎంత చక్కగా వచ్చిందో.

నిన్న సభాభవనానికి వెళ్ళాను. తొమ్మిదిమంది పెద్దలూ ఉన్నారు. సభాపెద్ద పుస్తకం అందుకుని, "ఏదీ, మీ నాన్నగారి ప్రసంగం విందాం" అని ఆకు పట్టుకుని తిప్పాడు. ఆకు చేతిలోకి ఊడి వచ్చింది. జారి నేల మీద పడింది.

"అయ్యో లాపో, మీ నాన్న కింద పడ్డాడయ్యా!" అన్నాడు.

నవ్వారు. ఆ గదిలో, నాన్న నిలబడి మాట్లాడిన చోటే, నవ్వారు. భూమి చీలితే బాగుండునని ఎప్పుడూ అనుకోని వాణ్ణి, నిన్న అనుకున్నాను.

ముసలి నేరోజ్జో నీకు గుర్తుండాలి, తోళ్ళ వర్తకుడు. నాన్నతో కలిసి ఆనాడు గింజ వేసినవాడు. ఈసారి మళ్ళీ చీటీ తగిలింది ఆయనకి. వంగి ఆకు తీసుకుని అంచు మీద బొటనవేలు రాశాడు.

"దీని జత ఏదిరా?"

"ఏదో ఆడవాళ్ళ పాటండీ. ఇక్కడికి తగదని తీసేశాను."

"సగం తావు పట్టుకొచ్చి నగరానికి కానుక అంటావా? సరే, ఆ పాట నీకు నోటికొచ్చా?"

రాదంటే అయిపోయేది. నా నోరే నాకు ద్రోహం చేసింది. "వచ్చండీ" అన్నాను.

"అయితే కానీ."

నా గొంతు సంగతి నీకు తెలుసు. కీచుమంటూ, తల వంచుకుని, చాకిరేవులో ఆడదానిలా మొదలుపెట్టాను.

కావలి అన్నా, కాస్త చూడన్నా,
నా కొడుకు ఈ దారిన పోయాడా?
కాళ్ళకి చెప్పుల్లేవు, చేతిలో రొట్టె లేదు,
తలుపు తీసే ఉంచాను, చెప్పన్నా.

ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండేది, ఆపేసేవాణ్ణి. చివరి చరణం అయ్యాక నేరోజ్జో గడ్డం గోక్కున్నాడు.

"మీ అమ్మ పోయింది కదరా?"

"పోయిన చలికాలంలోనండీ."

"ఇల్లు ఇప్పుడు నీది?"

"నాదేనండీ."

"మరి ఆ తలుపు తీసే ఉందా, వేసేశావా?"

అక్కా, మూసేశానని ఆ గదిలో ఎలా చెప్పను? తీసే ఉందని ఎలా చెప్పను? పెద్దలంతా నావైపే చూస్తున్నారు.

"తీసే ఉందండీ" అన్నాను.

"రాసుకోవయ్యా" అన్నాడు నేరోజ్జో గుమాస్తాతో. "వియేరీ కోసం రక్తసంబంధీకుడు అడిగాడు."

నేను అడగలేదని మొత్తుకునే లోపు గింజల సంచీ తిప్పారు. నల్లగింజలే ఎక్కువ పడ్డాయి. ఈసారి నల్లవంటే క్షమాభిక్షకి సరే అని. నేరోజ్జో మటుకు ఆచారం ప్రకారం గుప్పిట మూసే వేశాడు.

నా పదవి మాట ఎవరూ ఎత్తలేదు. పుస్తకం సరిగ్గా కుట్టి తెమ్మని నాకే తిరిగి ఇచ్చేశారు.

నీకు కావలసింది జరిగింది. ఇక నాకు ఉత్తరాలు రాయకు.

లాపో


మఠం, జూన్ 18

రాయొద్దన్న తమ్ముడికి,

రాస్తాను. ఆపగలిగితే ఆపు.

శాపమా? పిచ్చివాడా! "ఎక్కడ కోస్తావో చూసుకో" అన్నది అంచు వదిలి కొయ్యమని. పని తెలిసినవాళ్ళు పని తెలిసినవాళ్ళకి చెప్పే మాట. నువ్వెలాగూ కోస్తావు, కనీసం నాన్న ఊడకుండా కోస్తావని రాశాను. ఆయన మీద నాకెంత కోపం ఉన్నా, నేల మీద పడాలని కోరుకోలేదు. కోత కనపడకూడదనే నీ గుణం ఉందే, అది చేసింది ఈ పని.

ఒకే తావు మీద కావాలనే వేశాను, ఆ మాట దాచను. వాళ్ళిద్దరికీ పెళ్ళి చేసింది చర్చి. నేను మళ్ళీ ఒకసారి మడత పెట్టాను, అంతే.

నీ ఏప్రిల్ ఉత్తరంలో ఒక్క పాదం కట్టిందా అని అడిగావు. నాకూ కట్టలేదురా. ఆ మాటకి ఏం రాయాలో తెలియక అప్పుడు చేపల మీద తిట్టాను.

మా మఠం గుమాస్తా ఇవాళే గాడిదని తీసుకుని లూకా బయల్దేరాడు. ఇరవై మూడున నీ గుమ్మంలో వియేరీని దింపుతాడు. మర్నాడు ఊరేగింపులో వాడి చెయ్యి పట్టుకుని నువ్వే నడవాలి. వాడికి దారి కనపడదు. నువ్వు నమ్మవని తెలుసు. అయినా పట్టుకో.

దియనోరా


ఫ్లారెన్స్, జూన్ 26

అక్కకు,

నడిచాను. తలుపు తీసే ఉందని పదిమందిలో అన్నాక నడవక ఛస్తానా?

వాడు గుమ్మంలో దిగినప్పుడు నేను గుర్తుపట్టలేదు. మనకన్నా చిన్నవాడు, మన తాతలా ఉన్నాడు. మర్నాడు తలమీద టోపీ లేకుండా, కాళ్ళకి చెప్పుల్లేకుండా, చేతిలో కొవ్వొత్తితో నిలబెట్టారు. నేను పక్కన. వీధులన్నిట్లో బంగారు గుడ్డలు వేలాడుతున్నాయి, మనకి తెలిసిన ప్రతి వెధవా కిటికీలోంచి చూస్తున్నాడు.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను, తిట్టుకో. చర్చి మెట్ల దగ్గర వాడి చెయ్యి వదిలేశాను. నిజంగా కనపడదా, నాటకమా చూద్దామని. రెండో మెట్టు మీద బోర్లా పడ్డాడు. మోకాలు చీరుకుపోయింది, కొవ్వొత్తి విరిగింది. లేచి నన్ను ఒక తిట్టు తిట్టాడు. నాన్న తిట్టే తిట్టు, అదే గొంతు. జనంలో ఎవరో ముసలాయన తల తిప్పి చూశాడు కూడా. మళ్ళీ చెయ్యి పట్టుకున్నాను. ఇంటికొచ్చేదాకా వదల్లేదు.

ఇప్పుడు నా ఇంట్లోనే ఉన్నాడు. అడక్కుండా నా రెండో చొక్కా వేసుకున్నాడు. తెస్సా పెట్టే చిక్కుళ్ళన్నీ వాడికే. నా కోపం అలాగే ఉంది, పోయిందని నువ్వేం సంబరపడకు.

నిన్న భోజనం అయ్యాక పుస్తకం చదివి వినిపించమన్నాడు. కోసింది కాదు, మంచి కాపీ తీశాను. కక్షతోనే నాన్న ప్రసంగం మొదలుపెట్టాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, గొంతు తగ్గించకుండా చదివాను. "బాగా మాట్లాడాడు" అన్నాడు. "ఆ రోజు నన్ను ఖైదులో పెట్టి ఉంచారు. వినలేదు."

మళ్ళీ వాడే అడిగాడు, "అన్నా, ఆకుకి రెండో సగం ఉంటుందట కదా. గాడిద మీద వచ్చేటప్పుడు ఆ గుమాస్తా చెప్పాడు. అందులో ఏముంది?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆ పాట ఊరంతా విన్నది, చాకిరేవు బండలు విన్నాయి, నేను వద్దంటున్నా విన్నాను. వాడొక్కడే వినలేదు.

చదివాను. పాడలేదు, చదివాను. తలుపు మాట దగ్గర వాడు లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, మన వీధి తలుపు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. పాట అయిపోయినా అక్కడే నిలబడ్డాడు. నేను పిలవలేదు.

మిగతా కాపీల్లో ఏమీ కొయ్యను. అమ్మకానికి పెట్టేశాను.

కోసిన కాపీ నేనే ఉంచుకుంటున్నాను. దానికి ఒక తావు పంపు. చివరి ఆకు ఒక్కటీ పంపిస్తే అతికిస్తానని తెస్సా అంటోంది. వద్దు. ఇద్దరూ ఉన్న తావు మొత్తం పంపు. మడత నేను పెట్టుకుంటాను.

లాపో